రివెట్ల డబ్బాలో రెండో చీటీ

ప్రొద్దుటూరులో బంగారం గురించి మాట్లాడే నోళ్లు వెయ్యి ఉంటే, యుద్ధ విమానాల గురించి మాట్లాడే నోళ్లు పదహారు. లెక్క సరిగ్గా పదహారే. నెలకోసారి, మొదటి ఆదివారం పొద్దున, మైదుకూరు రోడ్డులో ముబారక్ సెల్‌ఫోన్ల అంగడి మీది గదిలో ఆ పదహారు మందీ చేరేవాళ్లు. వాళ్లు పెట్టుకున్న పేరు గగనమిత్ర మండలి. ఊరు పెట్టిన పేరు విమానాల పిచ్చోళ్లు. రిటైరైన లెక్కల మాస్టరు, ఆర్టీసీ కండక్టరు, బట్టలంగడి గుమాస్తా, థర్మల్ ప్లాంటులో పనిచేసే అన్నదమ్ములిద్దరు, ఇట్లా ఉండేది సరుకు. అందులో సగం మంది విమానం ఎక్కిన పాపాన పోలేదు. అయినా మిగ్-21 రెక్క పొడవెంతో, రఫేల్ ఎంత బరువు మోస్తుందో, తేజస్‌కు ఇంజను ఎక్కడినుంచి వస్తుందో అడిగి చూడండి, అన్నం మధ్యలో చెయ్యి ఎండబెట్టుకుని మరీ చెబుతారు.

ఆ పదహారు మందిలో యుద్ధ విమానాన్ని చేత్తో ముట్టినవాడు ఒక్కడే, హబీబుల్లా. పదిహేడేళ్లకు వాయుసేనలో చేరి, ఇరవై ఏళ్లు ఫిట్టరుగా చేసి, సార్జెంటుగా బయటికొచ్చాడు. విమానం రేకులు, రివెట్లు, రెక్కల కీళ్లు చూసుకోవడం ఆయన పని. డెబ్బయ్యొకటి యుద్ధంలో నాట్ అనే చిన్న విమానాల కింద పడుకుని, వాటి పొట్టలో చెయ్యి పెట్టి మరమ్మతు చేసిన మనిషి. కుడిచేతి ఉంగరం వేలికి కొన లేదు. విమానం మూత బిగిస్తుంటే జారి నలిగిపోయింది. "నాట్ ఉప్పు నేను తింటి, నా ఏలు అది తినె. చెల్లుకు చెల్లు," అని నవ్వేవాడు. ఇప్పుడు ఆయనకు డెబ్బై మూడు.

మండలి అధ్యక్షుడు ఓబుళరెడ్డి. సింహాద్రిపురం దగ్గర ఇరవై ఎకరాల చీనీతోట, పులివెందులలో ఒక ఇల్లు, ప్రొద్దుటూరులో ఇంకో ఇల్లు. కుర్రతనంలో పైలట్ కావాలని పోయి కంటిపరీక్షలో వెనక్కి వచ్చాడు. ఆ మంట చల్లారక విమానాల పుస్తకాలు కొని మూడు బీరువాలు నింపాడు. హబీబుల్లా కన్నా అయిదేళ్లు చిన్న. పదకొండేళ్లుగా ఇద్దరికీ ఒకరు లేకపోతే ఒకరికి పొద్దుపోదు. రంజానుకు రెడ్డి ఇంటినుంచి చీనీకాయల బుట్ట రావాల్సిందే, రెడ్డి భార్య పెంచలమ్మకు మోకాళ్ల నొప్పులు వస్తే హబీబుల్లా నూనె తీసుకుని పులివెందుల బస్సెక్కాల్సిందే.

మండలిలో వాదనకు ఒక పద్ధతి ఉండేది. అది హబీబుల్లా పెట్టినదే. నచ్చిన విమానం వైపు ఎవడైనా మాట్లాడతాడు, నచ్చని దాని వైపు మాట్లాడినప్పుడే దాని మంచీచెడూ తెలుస్తుందని ఆయన మాట. అందుకని నెలకు రెండు విమానాలు ఎంచుకునేవాళ్లు. అధ్యక్షుడు రెండు చీటీల మీద ఆ రెండు పేర్లు రాసి, మడిచి, ఒక డబ్బాలో వేసేవాడు. వాదించే ఇద్దరిలో పెద్దవాడు చెయ్యి పెట్టి ఒకటి తీసి పైకి చదువుతాడు. ఆ విమానం అతనిది. మిగిలింది ఎటూ రెండోవాడిదే గనక ఆ చీటీ విప్పే పని లేదు, అది డబ్బాలోనే ఉండిపోతుంది. ఇక గంటసేపు చీటీలో వచ్చినదాని పక్షాన వాదించాలి. మనసులో ఏముందన్నది ఎవరికీ పట్టదు. ఓడినవాడు అందరికీ ఉగ్గాని, బజ్జీ పెట్టించాలి.

డబ్బా కూడా హబీబుల్లాదే. వాయుసేన నుంచి వస్తూ తెచ్చుకున్న పాత రివెట్ల డబ్బా, అరచేతిలో పట్టేంత. నెలనెలా సంచిలో తెచ్చి, మళ్లీ సంచిలో వేసుకుపోయి ఇంట్లో ఖురాన్ పెట్టే అలమరా కింది అరలో పెట్టేవాడు.

ఒకసారి రెడ్డి వంతుకు పాకిస్తాన్ వాళ్ల స్టార్‌ఫైటర్ వచ్చింది. ఆయన దాన్ని ఆకాశానికి ఎత్తి దించకుండా గంటసేపు మాట్లాడితే లెక్కల మాస్టరు కళ్లనీళ్లు తుడుచుకుంటూ నవ్వాడు. ఆ రోజు రెడ్డి ఎవరి మనిషి అని ఎవరూ అడగలేదు. అడగాలని కూడా ఎవరికీ తోచలేదు.

మొన్న జూలైలో మొదటి ఆదివారం వాదనకు ఎంచుకున్నవి నాట్, సేబర్. సేబర్ అంటే ఆ యుద్ధంలో పాకిస్తాన్ నడిపిన అమెరికా విమానం. నాట్ మనది. ఆ నెల వాదించే వంతు హబీబుల్లా, ఓబుళరెడ్డిలది. కింది అంగడి ముబారక్ కూడా మండలిలో మనిషే, అతనికి యూట్యూబులో మండలి చానల్ పెట్టాలని ఆర్నెల్లుగా దురద. ఆ రోజు ఫోనును ముక్కాలి స్టాండు మీద నిలబెట్టి, "చీటీలు తీసేది కూడా పడతానప్పా, బాగుంటాది," అన్నాడు.

"చీటీల కథ ఎందుకప్పా? చూసేటోళ్లకు తలా తోకా అర్థం గాదు. నేరుగా వాదన నుంచి పట్టు," అన్నాడు ఓబుళరెడ్డి.

సరేలే, అధ్యక్షుడు చెప్పాడు గదా అనుకున్నారు అందరూ. రెడ్డి జేబులోంచి ఆకుపచ్చ సిరా పెన్ను తీసి, అలవాటు ప్రకారం చెయ్యి అడ్డం పెట్టుకుని రెండు చీటీలు రాసి, మడిచి, డబ్బాలో వేసి ఆడించాడు. హబీబుల్లా చెయ్యి పెట్టి ఒకటి తీశాడు. విప్పి, "సేబర్," అని చదివి మూతి వంకర పెట్టాడు.

"ఏంది రెడ్డీ, ఈ వయసులో నా చేత పాపం చేయిస్తాండావు?"

"చేయిస్తాండేది చీటీ అన్నా. నేను గాదు," అన్నాడు రెడ్డి.

ఇక ముసలాయన మొదలుపెట్టాడు. ఏమాటకామాటే చెప్పుకోవాలి, ఆ రోజు మాట్లాడినట్టు ఆయన ఎప్పుడూ మాట్లాడలేదు. నాట్ లోపాలు ఆయనకు తెలిసినంతగా లోకంలో ఎంతమందికి తెలుసు? కట్టుకున్నవాడికే గదా కాపురం సంగతి తెలిసేది. "సేబర్ ముందర మన నాట్ ఏం విమానమప్పా? నాలుగు గుండ్లు కాల్చేలోపల తుపాకీ పట్టేసుకునేది. సేబర్‌కు ఆరు తుపాకులు, ఆరూ మాట వినేవి. ఆ విమానం చేసినోడికి చేతులెత్తి మొక్కాల," అని నిజంగానే చేతులెత్తి మొక్కాడు. గదంతా గొల్లుమంది. రెడ్డి నాట్ పక్షాన రోషంగా బల్ల గుద్దాడు. చివరికి రెడ్డే ఓడాడు, ఉగ్గాని రెడ్డే పెట్టించాడు. పోతూ పోతూ హబీబుల్లా భుజం మీద చెయ్యేసి, "పాడు ముసలోడివి, గెల్చినావు గదా," అన్నాడు.

గంటసేపటి వీడియోలోంచి ఎవడో మహానుభావుడు ఇరవై రెండు సెకన్లు కోసుకున్నాడు. చేతులెత్తి మొక్కిన ముక్క. దాని మీద, 'ప్రొద్దుటూరులో పాకిస్తాన్ విమానానికి మొక్కుతున్న ముసలాయన' అని రాసి వదిలాడు. బుధవారానికల్లా అది పులివెందుల చేరింది, జమ్మలమడుగు చేరింది, కువైట్‌లో లారీ తోలే హబీబుల్లా కొడుకు ఫోనుకు చేరింది. యాభై ఏళ్ల కిందట వేలు పోగొట్టుకున్న మనిషిని, మొన్న పుట్టిన ప్రతివాడూ పాకిస్తాన్‌కు పొమ్మన్నాడు. ముబారక్ భయపడి అసలు వీడియో తీసేశాడు. "నా అంగడి అద్దాలు పగలగొడతారన్నా," అన్నాడు. అది ఉన్నా లాభం లేదు, అందులో చీటీల ముక్క లేదు గదా.

హబీబుల్లా మొదట్లో నవ్వి ఊరుకున్నాడు. కుక్కలు మొరిగితే మబ్బులు కదుల్తాయా అనుకున్నాడు. కానీ ఆ సంగతి ఆయనతో పోయేది కాదు. ఆయన మనవరాలు నాజియా వాయుసేనకు ఎంపికై ఉంది. పరీక్ష రాసింది, పరుగు గెలిచింది, వైద్యపరీక్ష దాటింది. పోలీసు స్టేషను నుంచి నడవడిక కాగితం ఒక్కటే పోవాలి. నవంబరుకు ఆ పిల్లకు ఇరవై ఒకటి నిండుతుంది, ఆ తర్వాత వయసు దాటినట్టే. ఇంకోసారి అనేది లేదు.

ఆ పిల్ల పరుగంతా ఆయన పరుగే అనుకోవాలి. రెండేళ్లపాటు తెల్లవారకముందే మైదానానికి తీసుకుపోయి, చేతిలో స్టాప్‌వాచీ పట్టుకుని గట్టున కూర్చునేవాడు. "ఇంకా పది సెకన్లు తగ్గల్ల," అని తిట్టేవాడు. ఆమె తగ్గించేది. కొడుక్కి చదువు ఎక్కలేదు, కువైట్ పోయాడు. తన పనిముట్లు పట్టే చెయ్యి ఇంట్లో ఇదొక్కటే అని ఆ ముసలాయన ఆశ.

స్టేషను నుంచి కబురొచ్చింది. ఎస్సై నలభై ఏళ్లవాడు, మర్యాదస్తుడే. కుర్చీ వేయించాడు.

"పెద్దాయనా, మీ మనవరాలి మీద ఏమీ లేదు. కానీ ఎవరో అర్జీ పెట్టినారు, వీడియో పెన్‌డ్రైవులో వేసి మరీ ఇచ్చినారు. ఇంట్లో పెద్దోళ్లు ఇట్లాంటోళ్లని రాసినారు. ఇది పక్కన పెట్టి నేను కాగితం పంపితే రేపు నన్నడుగుతారు."

హబీబుల్లా చీటీల పద్ధతి చెప్పాడు. ఎస్సై ఓపికగా విన్నాడు.

"మంచిది. అదే మాట మీ మండలి అధ్యక్షుడు కాగితం మీద రాసి సంతకం పెట్టి ఇస్తే చాలు. అర్జీ మూసేసి కాగితం పంపిస్తా. ఇరవయ్యో తేదీ లోపల పోవాల."

తొమ్మిది రోజులు ఉన్నాయి. హబీబుల్లా గుండెల మీంచి బండ దిగినట్టయింది. అధ్యక్షుడంటే ఎవరు, ఓబుళరెడ్డి. ఒక్క సంతకం. సాయంత్రానికి అయిపోయే పని అనుకుని ఇంటికి పోయి, "బూట్లు కొత్తవి కొందాం పద," అని నాజియాతో కూడా అన్నాడు. దాదా అంత కులాసాగా ఉండటం ఆ పిల్ల చూసి వారమైంది.

రెడ్డి ఫోను ఎత్తలేదు. రెండోరోజూ ఎత్తలేదు. మూడోరోజు ముసలాయన మిగతా మండలి వాళ్ల ఇళ్లకు తిరిగాడు. అందరూ టీ ఇచ్చారు. అందరూ అన్యాయమన్నారు. "రెడ్డి సంతకం పెట్టనీ అన్నా, దాని కింద మేమూ పెడతాం," అన్నారు. లెక్కల మాస్టరు అయితే కళ్లనీళ్లు కూడా పెట్టుకున్నాడు, పెన్ను మాత్రం తీయలేదు. అందరూ శ్రీవైష్ణవులే, బుట్టలో రొయ్యలన్నీ మాయమని ఊరికే అన్నారా పెద్దలు!

రెడ్డి జమ్మలమడుగులో ఉన్నాడని తెలిసింది. ఆయన కూతురు శిల్పను ఇచ్చింది అక్కడే. త్వరలో రాబోయే మునిసిపల్ ఎన్నికల్లో ఆమెకు వార్డు టికెట్టు ఖాయమైంది. హబీబుల్లా బస్సెక్కి పోయాడు. ఇంటి ముందు షామియానా, జెండాలు, కాఫీ గ్లాసులు. రెడ్డి ఆయన్ను చూసి గబగబా లేచి వచ్చి, షామియానాలో కూర్చోబెట్టకుండా చెయ్యి పట్టుకుని ఇంటి పక్క సందులోకి తీసుకుపోయాడు. ముసలాయనకు అది అప్పుడు తట్టలేదు. రహస్యం మాట్లాడతాడేమో అనుకున్నాడు.

"రెడ్డీ, ఒక సంతకం కావాల. చీటీ తీస్తే సేబర్ వచ్చిందని, అందుకే అట్ల మాట్లాడినానని. అంతే. నాజియా కాగితం ఆగిపోయి ఉండాది."

రెడ్డి తల వంచుకున్నాడు. "అన్నా, నీకు తెలీంది ఏముంది? ఈడ వాతావరణం శానా చెడిపోయింది. నేనిప్పుడు ఆ వీడియో మీద సంతకం పెడితే అవతలోళ్లు శిల్పకు అంటగడతారు. ఎన్నికలు కానీ. అయిపోయిన మర్నాడే నేనే మీ ఇంటికొచ్చి పెడతా."

"గడువు ఇరవయ్యో తేదీ."

"పై వాళ్లతో మాట్లాడదాంలే. గడువులంటే జరుపుతారు."

హబీబుల్లాకు కోపం రాలేదు. వివరంగా చెబితే అర్థమవుతుందనుకున్నాడు, పిచ్చి ముసలాయన. "చూడప్పా, మా పనిలో ఒక పుస్తకం ఉండేది. విమానం లేచేదానికి ముందు ఫిట్టరు దాంట్లో సంతకం పెట్టాల. నేను చూసినా, బాగుండాదని. ఆ సంతకం చూసే పైలట్ ఎక్కేది. ఎగిరిన తర్వాత పెడతానంటే కుదరదు. పైన ప్రాణం ఉంటాది."

"తెల్సన్నా, తెల్సు," అన్నాడు రెడ్డి. అంతలో ఎవరో పిలిచారు. "వస్తాండా," అని కేకేసి, ఈయన చేతిలో బస్సు ఛార్జీకని అయిదువందల నోటు పెట్టబోయాడు. హబీబుల్లా ఆ నోటును రెడ్డి చొక్కా జేబులోనే, ఆకుపచ్చ పెన్ను పక్కన పెట్టి వచ్చేశాడు.

ఇంటికి వచ్చినా నిద్ర పట్టని మనిషికి తెల్లవారి నమాజు దగ్గర ఒక్కసారిగా తట్టింది. డబ్బా! తను తీసిన సేబర్ చీటీని ఆ రోజే మళ్లీ డబ్బాలో వేశాడు. రెండోది, నాట్ చీటీ, అందులోనే విప్పకుండా ఉంది. ఆ వీడియో తర్వాత మండలి మళ్లీ కూడలేదు, డబ్బా ఎవరూ ముట్టలేదు. రెండూ రెడ్డి చేతిరాతే, ఆ ఆకుపచ్చ సిరా ఊరంతా ఎరుగుదురు. ఒకదాని మీద సేబర్, ఒకదాని మీద నాట్. ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి? రెడ్డి సంతకం పెట్టకపోతేనేం, రెడ్డి రాసింది ఉంది గదా! రెడ్డికి ఇబ్బంది కూడా ఉండదు. అప్పుడు కూడా ఆ ముసలాయన రెడ్డికి ఇబ్బంది లేకుండా చూసుకుంటున్నాడు, అదీ ఆయన రకం.

విప్పి చూద్దామా అనుకుని మళ్లీ ఆగాడు. విప్పకుండా తీసుకుపోతేనే విలువ. సీలు తీసిన సామానుకు స్టోర్సులో విలువ లేదని ఆయన ఉద్యోగం నేర్పిన బుద్ధి. ఇస్త్రీ చొక్కా వేసుకుని, పాత పతకాలు జేబులో పెట్టుకుని, నాజియాను వెంటబెట్టుకుని స్టేషనుకు పోయాడు. పద్దెనిమిదో తేదీ.

"సార్, ఈ రెండోది ఆ రోజు నుంచి ఎవరూ విప్పలేదు. మీ చేత్తోనే విప్పండి," అని డబ్బా బల్ల మీద పెట్టాడు.

ఎస్సై మొదటి చీటీ తీసి చదివాడు. "సేబర్." తల ఊపాడు. రెండోది తీశాడు. మడత గట్టిగా ఉంది, గోటితో విప్పాడు. చదివాడు.  తర్వాత రెండు చీటీలూ బల్ల మీద పక్కపక్కన పరిచి, వాటిని ముసలాయన వైపు తిప్పాడు.

"పెద్దాయనా, ఇది కూడా సేబరే."

హబీబుల్లా కళ్లద్దాలు తీసి తుడిచి మళ్లీ పెట్టుకున్నాడు. ఆకుపచ్చ సిరా. అదే ఏత్వం, అదే తలకట్టు, చివర అదే పొడుగు పొల్లు. రెండింటి మీదా సేబర్. ఏది తీసినా సేబరే వచ్చేది. నాట్ అనే చీటీ ఆ రోజు డబ్బాలో లేనే లేదు.

ఎస్సై గొంతు తగ్గించాడు. "ఇవి తీసుకపోండి. నేను ఇవి ఫైల్లో పెడితే మీకే దెబ్బ. చూసినోడు ఏమంటాడు? రెండింటి మీదా ఆ పేరే ఉండాది, ఇంకేం వంతులు, ఇంకేం పద్ధతి అంటాడు. ఇంటికాడ మీరే రాసుకొచ్చినారనైనా అంటాడు."

"రెడ్డి రాసినాడు సార్," అన్నాడు ముసలాయన. ఆ గొంతు నాజియా ఎప్పుడూ వినలేదు.

"ఆ మాట రెడ్డి చెప్పాల గదా," అన్నాడు ఎస్సై. చీటీలు తనే మడిచి డబ్బాలో వేసి, మూత పెట్టి ఇచ్చాడు.

స్టేషను మెట్లు దిగుతుంటే నాజియా చెయ్యి పట్టుకుంది. ఆయన ఆ చెయ్యి విడిపించుకుని, నువ్వు ఇంటికి పొమ్మని, రెడ్డి పొద్దున్నే పులివెందుల ఇంటికి చేరాడని కనుక్కుని నేరుగా ఆ బస్సెక్కాడు. దారి పొడవునా ఒక్కొక్కటీ గుర్తొచ్చింది. చీటీల కథ ఎందుకప్పా అన్నది. చెయ్యి అడ్డం పెట్టుకుని రాసింది. చేయిస్తాండేది చీటీ అన్నా, నేను గాదు అన్నది. శిల్ప టికెట్టు ఖాయమైంది ఆ ఆదివారానికి సరిగ్గా వారం ముందు. వీడియోలో రెడ్డి నోట సేబర్ పొగడ్త పడకూడదు, అంతే సంగతి. ఇన్నాళ్లూ రెడ్డిని పిరికివాడనుకుని సర్దుకున్నాడు. పిరికితనం అయితే క్షమించవచ్చు. ఇది ముందే కూర్చుని రాసిన పని.

పెంచలమ్మ గడప దగ్గరికి వచ్చింది. "ఆయప్ప ఇంట్లో లేడు అన్నా. జమ్మలమడుగులోనే ఉండాడు," అంది, ఆయన మొహం చూడకుండా. గడప పక్కనే రెడ్డి తోలు చెప్పులు ఉన్నాయి. లోపల ఫ్యాను తిరుగుతోంది. "నీళ్లు తాగి పో అన్నా," అందామె. ఆమె కళ్లలో నీళ్లు తిరగడం ఆయన చూశాడు. "మోకాళ్లు ఎట్లుండాయమ్మా?" అని అడిగి, జవాబుకు ఆగకుండా వెనక్కి తిరిగాడు.

ఇరవయ్యో తేదీ వచ్చింది, పోయింది. కాగితం పోలేదు. తర్వాత వచ్చిన జాబితాలో నాజియా పేరు లేదు. ఆ పిల్ల ఏడవలేదు. పరుగు బూట్లు కడిగి ఎండబెట్టి, లోపల పాత పేపరు కుక్కి, అటక మీద పెట్టింది. ఎప్పటికైనా పనికొస్తాయన్నట్టు అంత జాగ్రత్తగా ఎందుకు పెట్టిందో ఆమెకే తెలియాలి. నవంబరులో ఆమెకు ఇరవై ఒకటి నిండింది. ఆ రోజు ఇంట్లో సేమియా చేశారు, ఎవరూ తినలేదు.

ఎన్నికలు జరిగాయి. శిల్ప గెలిచింది. రెడ్డి మాట తప్పే మనిషి కాడు, ఆ మర్నాడు కాకపోయినా మూడోరోజు వచ్చాడు. చేతిలో చీనీకాయల సంచి, చంకలో ప్లాస్టిక్ కవరు. కుర్చీ అంచున కూర్చుని కవరులోంచి కాగితం తీశాడు.

"మండలి లెటర్‌హెడ్డు మీద రాసినా అన్నా. చీటీల పద్ధతంతా వివరంగా రాసినా. పదిహేను సంతకాలు ఉండాయి. ఇప్పుడు యాడికి పొమ్మంటే ఆడికి వస్తా, ఢిల్లీకైనా."

హబీబుల్లా కాగితం తీసుకుని మొదటినుంచి చివరిదాకా చదివాడు. మంచి తెలుగు. రెడ్డి సంతకం ఆకుపచ్చగా నిగనిగలాడుతోంది. దాని కింద లెక్కల మాస్టరుది, కండక్టరుది, ముబారక్‌ది.

"బాగా రాసినావు," అన్నాడు. "ఆ రెండో చీటీ సంగతి రాయలేదే?"

రెడ్డి మొహం మాడిపోయింది. చీనీకాయల సంచిని కాలితో కుర్చీ కిందికి జరిపాడు.

"అప్పుడే టికెట్టు వచ్చింది అన్నా. వీడియో నలుగురూ చూస్తారు. నేను పాకిస్తాన్ విమానాన్ని పొగుడుతా కనపడితే బిడ్డకు దెబ్బ అనుకున్నా. నీకైతే ఏముందిలే, యుద్ధంలో పన్జేసినోడివి, నిన్నెవరు అనుమానిస్తారులే అనుకున్నా. అల్లా తోడు, నీకు చెడు జరగాలని కాదు."

"నా దేవుడెందుకు రెడ్డీ మధ్యలో?" అన్నాడు హబీబుల్లా. "నువ్వు పొగిడింటే నవ్వింటారు. స్టార్‌ఫైటర్‌ను పొగిడిన రోజు నవ్వలేదా? అంతే ఉండేది. నీ బిడ్డకు ఒక్క ఓటు కూడా తగ్గేది గాదు. నేను పొగిడినా కాబట్టి స్టేషనుకు పిలిచినారు. ఈ తేడా పదకొండేండ్లు మీ మధ్య కూర్చోని నేను మర్చిపోయినా. నీకు తెలీదా?"

 లోపల వంటింట్లో నాజియా గిన్నెలు తోముతున్న చప్పుడు వినిపిస్తోంది.

హబీబుల్లా లేచి లోపలికి పోయి అలమరా కింది అరలోంచి రివెట్ల డబ్బా, పెన్ను తెచ్చాడు. రెడ్డి తెచ్చిన లెటర్‌హెడ్డు అడుగున రాయకుండా మిగిలిన చోటు చూసి, అక్కడ రెండు ముక్కలు చించాడు. చెయ్యి అడ్డం పెట్టుకుని రెండింటి మీదా రాసి, మడిచి, డబ్బాలో వేసి ఆడించాడు. రెడ్డి ముందు పెట్టాడు.

"తియ్యి."

"పెద్దోడివి నువ్వు గదన్నా తీయాల్సింది."

"ఈసారి నువ్వు తియ్యి."

రెడ్డి ఒకటి తీసి విప్పాడు. పద్ధతి ప్రకారం పైకి చదవాలి. 

"నాజియా," అన్నాడు.

వంటింట్లో చప్పుడు ఆగింది. రెడ్డి కళ్లు డబ్బాలో మిగిలిన చీటీ వైపు పోయాయి.

"దాన్ని విప్పే పని లేదు. మన పద్ధతి నీకు తెల్సు గదా," అన్నాడు హబీబుల్లా. గోడకు తగిలించిన స్టాప్‌వాచీ తీసి, మీట నొక్కి, ఇద్దరి మధ్యా బల్ల మీద పెట్టాడు. "చీటీలో వచ్చినదాని పక్షాన గంటసేపు మాట్లాడాల. వాదించు రెడ్డీ."

రెడ్డి చేతిలో చీటీని మళ్లీ మడతల వెంటే మడిచాడు. వాచీలో అంకెలు పోతూనే ఉన్నాయి. ముసలాయన వాటినే చూస్తూ, రెడ్డి మొదలుపెడతాడేమోనని కూర్చున్నాడు.